ఏ పూస దగ్గర మారినట్టు?

మా చిన్నాయన కొడుకు తాగుడు మానేసిన రోజు ఏదని అడిగితే మా ఇంట్లో తలా ఒక తేదీ చెబుతారు. మా చిన్నమ్మ లెక్కలో అది వాడు మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్న రోజు. వాడి భార్య లెక్కలో అది పొలంలో మోటరు కాడ పడిపోతే సూర్యాపేట ఆస్పత్రికి ఎత్తుకపోయిన రాత్రి. వాణ్ణే అడిగితే నవ్వి, "ఏ మానుడు అన్నా? ఎన్నోది?" అంటాడు. వాడు అబద్ధాలాడే మనిషి కాదు. మానిన ప్రతిసారీ నిజంగానే మానాడు, మొదలుపెట్టిన ప్రతిసారీ నిజంగానే మొదలుపెట్టాడు. ఊళ్ళో మాత్రం దీన్ని ఇట్లా చూడరు. "నిజంగ మారినోడైతే మల్ల ఎందుకు తాగుతడు?" అంటారు. ఆ లెక్కన ఇవాళ ఒక్క సీసా పట్టుకుంటే నిన్నటిదాకా మానిందంతా నటన కిందికి వస్తుంది. ఈ తర్కం నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు. ఎందుకు పడలేదో సరిగ్గా ఆలోచించడానికి రిటైరయ్యేదాకా తీరిక దొరకలేదు.

నేను ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఇప్పుడు పెన్‌పహాడ్‌లో ఉంటున్నాను. వానాకాలం వరి, యాసంగి వరి, రెండింటి చివరా వడ్ల కాంటాల దగ్గర పంచాయితీ. ఊరి క్యాలెండర్ ఇంతే. పొద్దుగూకినాక కొడుకు వదిలేసిపోయిన పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను. అందులో ఒక గొలుసును ముడుస్తూ, విప్పుతూ ఉంటాను. ఏం చేస్తున్నావని అడిగినవాళ్ళకు మొదట్లో పాలిమర్ సిమ్యులేషన్ అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఊరికే కూర్చున్నానని చెబుతున్నాను, మాట తొందరగా తెగుతుంది.

మనిషి మారడం ఒక్క దెబ్బకు జరుగుతుందా, ముక్కలు ముక్కలుగా జరుగుతుందా? మారినవాడు వెనక్కి పడతాడా? ఈ రెండు ప్రశ్నల మీదా మా ప్రాంతపు బౌద్ధులు ఎప్పుడో వాదులాడుకున్నారు. పాళీలో కథావత్థు అని ఒక వాద గ్రంథం ఉంది. అశోకుడి కాలంలో మొగ్గలిపుత్త తిస్సుడు చెప్పాడని సంప్రదాయం. ఒక పక్షం ఒక మాట అంటుంది, థేరవాది దాన్ని ప్రశ్న మీద ప్రశ్న వేసి మూలకు నెడతాడు. పుస్తకం పొడుగునా ఇదే తంతు. ఏ మాట ఎవరిదో మూలంలో ఉండదు, వ్యాఖ్యానం చెబుతుంది. జ్ఞానం మెట్టు మెట్టుగా కలుగుతుందన్న పక్షం దగ్గర వ్యాఖ్యానం మొదట చెప్పే పేరు అంధకులది. పూర్వశైలులు, అపరశైలులు, రాజగిరికులు, సిద్ధార్థికులు అనే నాలుగు శాఖలకు కలిపి ఆ పేరు. అపరశైలుల ప్రస్తావన నాగార్జునకొండ శాసనాల్లో ఉంది. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న ఆ లోయ ఇప్పుడు సాగర్ జలాశయం కింద ఉంది. ఆ నీళ్ళే ఎడమ కాలువలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు పారుతున్నాయి. మా జిల్లాలోనే ఫణిగిరి గుట్ట మీద, ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి పద్దెనిమిదో పాలనా సంవత్సరంలో ఒక పెద్ద వైద్యుడు ధర్మచక్ర స్తంభం నిలిపినట్టు శాసనం దొరికింది. రోగం ఏ పూట తగ్గినట్టు అన్న ప్రశ్న ఆ వైద్యుడికి తప్పకుండా తెలిసే ఉంటుంది.

అంధకుల మాట ఇది. దుఃఖం అనే సత్యాన్ని చూసినప్పుడు కొన్ని మలినాలు పోతాయి, దాని కారణాన్ని చూసినప్పుడు ఇంకొన్ని, నిరోధాన్నీ మార్గాన్నీ చూసినప్పుడు మిగిలినవి. దానికి థేరవాది అడుగుతాడు: అట్లయితే మొదటి సత్యం చూసినవాడు నాలుగో వంతు స్రోతాపన్నుడా? తక్కిన ముప్పాతిక మామూలు మనిషేనా? స్రోతాపన్నుడంటే నిర్వాణం వైపు పారే ప్రవాహంలో కాలు పెట్టినవాడు. కాలు పెట్టినట్టో పెట్టనట్టో ఉండాలి గాని, పావు వంతు పెట్టడం ఏమిటని వెటకారం. నవ్వు తెప్పించే ప్రశ్నే గాని గట్టి ప్రశ్న. దీనికి గొలుసు దగ్గర నాకొక జవాబు దొరికింది. అది చెప్పాలంటే ముందు గొలుసు గురించి చెప్పాలి.

పాలిమర్ అంటే ఒకే రకం ముక్కలు వరసగా అతుక్కున్న పొడవాటి అణువు. యూరియా బస్తా నేసిన పోగు, పత్తిలో సెల్యులోజ్ ఆ జాతివే. కంప్యూటర్‌లో దాన్ని గళ్ళ కాగితం మీద పెడతాం. గీతలు కలిసే చోట ఒక పూస, దాని పక్క చోట తర్వాతి పూస. ఒకే చోట రెండు పూసలు కూర్చోకూడదు. ఉన్నది ఈ ఒక్క నియమమే, అది చేసే పని మాత్రం చాలా పెద్దది. అడ్డూ ఆపూ లేకుండా ఇరవై అడుగులు వేస్తే లక్ష కోట్లకు పైగా దారులు. తన దారిని తాను తొక్కకూడదంటే మిగిలేవి 89,76,97,164. పది అడుగులకైతే 44,100. వంద అడుగులకు ఒక్కో దారినీ గీసి లెక్కపెట్టాలంటే విశ్వం వయసు చాలదు. అందుకే పాచికలు వేసి నమూనాలు తీసే పద్ధతి వచ్చింది. 1953లో మెట్రోపోలిస్, రోసెన్‌బ్లూత్ దంపతులు, టెల్లర్ దంపతులు కలిసి రాసిన పద్ధతినే నేనూ వాడుతున్నాను. నేర్చుకున్నది కె.పి.ఎన్. మూర్తి పుస్తకం నుంచి. ఆయన కల్పాక్కంలో పనిచేసి, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పినవారు. మాంటే కార్లో పద్ధతుల మీద ఆయన పుస్తకాన్ని 2004లో హైదరాబాద్‌లోని యూనివర్సిటీస్ ప్రెస్ వేసింది.

ఇక రెండో సంగతి. వరసలో దూరంగా ఉన్న రెండు పూసలు గొలుసు వంగి పక్కపక్కకు వస్తే ఒకదాన్నొకటి కొంచెం లాగుతాయి. వేడి ఎక్కువున్నప్పుడు ఆ లాగుడును పట్టించుకునేవాళ్ళు లేరు, గొలుసు విచ్చుకుని ఇష్టమొచ్చినట్టు పరుచుకుంటుంది. వేడి తగ్గిస్తూ పోతే ముద్దగా ముడుచుకుంటుంది. రెండింటి నడుమ, లాగుడూ చోటు కోసం తోపులాటా చెల్లుకు చెల్లు అయ్యే ఉష్ణోగ్రత ఒకటుంది. పాల్ ఫ్లోరీ దానికి థీటా అని పేరు పెట్టాడు. ఆయనకు 1974లో నోబెల్ వచ్చింది. సైక్లోహెక్సేన్‌లో కరిగించిన పాలిస్టైరీన్‌కు అది దాదాపు 35 డిగ్రీల సెల్సియస్. మే నెలలో మా వరండా అంతకన్నా వేడి.

ఇప్పుడు ప్రశ్న: గొలుసు ముడుచుకుంది కదా, ఏ పూస దగ్గర మారింది? నేను ఆ ఉష్ణోగ్రతకు అటూ ఇటూ తీసిన బొమ్మలను వరసగా పెట్టి ఒక్కో పూసనూ వెంటాడాను. పదిహేడో పూస విచ్చుకున్న గొలుసులో ఎట్లా ఉందో ముద్దలోనూ అట్లానే ఉంది. దాని నియమం మారలేదు, దాని లాగుడు మారలేదు. ముద్దతనం ఏ పూసలోనూ దొరకదు. పూసలన్నీ తీసేస్తే విడిగానూ మిగలదు. ఆచార్య నాగార్జునుడి మూలమధ్యమక కారికలు చదివినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. పదమూడో ప్రకరణంలో ఆయన పాలు, పెరుగుల సంగతి ఎత్తుతాడు. పాలే పెరుగైతే పాలనే పెరుగనాలి. పాలు కానిది పెరుగైతే, ఆ కానిది ఏమిటో చూపించాలి. మారింది ఎవరు?

మా అమ్మను అడిగాను, "రాత్రి తోడేస్తివి గదా, ఎన్ని గంటలకైందమ్మా పెరుగు?" అని.

"నేను పండుకున్నప్పుడైంది. కూసోని సూసుకుంట ఉంటె తోడుకోదు. గిన్నె కదిలియ్యకు" అంది.

గిన్నె కదిలించవద్దనడం వెనక మంచి రసాయనశాస్త్రమే ఉంది. పాలలోని కేసీన్ ప్రోటీన్ గొలుసులు చిన్న ఉండలుగా తేలుతుంటాయి. తాజా పాల పీహెచ్ దాదాపు 6.7. తోడులోని బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేసుకుంటూ పోగా అది 4.6 వైపు దిగుతుంది, అప్పుడు ఆ ఉండల మధ్య వికర్షణ పోయి అన్నీ కలిసి ఒకే వల అల్లుకుంటాయి. అల్లుకునే వేళ కుదిపితే వల తెగుతుంది, నీళ్ళ పెరుగు మిగులుతుంది. ఇది వేలకోట్ల గొలుసుల ఉమ్మడి పని, నా ఒంటరి గొలుసు కథ కాదు. అయినా నాగార్జునుడి ప్రశ్నకు ఇక్కడా అదే జవాబు. ఏ కేసీన్ గొలుసూ పెరుగు కాలేదు, గిన్నె పెరుగైంది. దీన్ని పట్టుకుని రెండు వేల ఏళ్ళ కిందటే మనవాళ్ళు పాలిమర్ శాస్త్రం చెప్పేశారని ఎవరైనా బయలుదేరితే నేను వాళ్ళ వెంట రాను. నాగార్జునుడు పెరుగు గురించి చెప్పడం లేదు, స్వభావం అనే భ్రమ గురించి చెబుతున్నాడు. నా గొలుసు ఆయన్ను రుజువు చేయలేదు. ఆయన అడిగిన ప్రశ్నను నాకు అర్థమయ్యేలా మళ్ళీ అడిగింది.

గొలుసులన్నీ ఒకే తీరుగా ముడుచుకోవు. థీటా దాటాక వచ్చే ముడుపు మెల్లనిది. పూసలు అక్కడక్కడ గుంపులు కట్టి, గుంపులు కలిసి, వదులు ముద్ద తయారవుతుంది. ఇంకా చల్లబరిస్తే ఆ వదులు ముద్ద ఒక దగ్గర స్ఫటికంలా వరస కట్టి గట్టిపడుతుంది, అది మాత్రం ఉన్నట్టుండి జరుగుతుంది. అంటే రెండు మెట్లు. 2009లో మార్క్ టేలర్, వోల్ఫ్‌గాంగ్ పాల్, కర్ట్ బైండర్ 128 పూసల గొలుసును తీసుకుని ఒకే ఒక్క విషయం మారుస్తూ పోయారు: పూస లాగుడు ఎంత దూరం అందుతుందన్నది. కొంచెం దూరం అందితే రెండు మెట్లూ కనిపించాయి. మరీ దగ్గరికి కుదించేసరికి నడిమి మెట్టు మాయమైంది. విచ్చుకున్న గొలుసు నేరుగా గట్టి ముద్దలోకి దూకింది. చిన్న ప్రోటీన్లు మడతపడే తీరు అదే, ఐతే అంతా, లేకపోతే ఏమీ లేదు. అవే పూసలు, అదే పొడవు. మెల్లగానా ఒక్కసారిగానా అన్న తగువును తేల్చింది లాగుడు చాచిన చేయి పొడుగు. అంధకులూ థేరవాదులూ ఒకే మనిషి గురించి వాదించుకుంటున్నామని అనుకున్నారేమో. ఇద్దరి ఎదుటా ఉన్నది రెండు రకాల మనుషులు కావచ్చు.

ఆ దూకే గొలుసును సరిగ్గా దూకే ఉష్ణోగ్రత దగ్గర వదిలేసి చాలాసేపు చూడాలి. సగం ముడుచుకున్న ఆకారం దాదాపుగా కనిపించదు. పూర్తిగా విచ్చుకునైనా ఉంటుంది, పూర్తిగా ముడుచుకునైనా ఉంటుంది, అటూ ఇటూ దూకుతూ ఉంటుంది. రవ్వంత వేడి పెంచితే ముడుచుకుని ఉండే కాలం పావు వంతుకు తగ్గుతుంది. రవ్వంత తగ్గిస్తే ముప్పావుకు పెరుగుతుంది. థేరవాది అడిగిన పావు వంతు ఇక్కడ దొరికింది నాకు. గొలుసును నాలుగు ముక్కలు చేసి ఏ ముక్క ముడుచుకుందో చూపించమంటే చూపించలేను. నాలుగు పూటల్లో ఒక పూట గొలుసంతా ముడుచుకునే ఉందని మాత్రం చూపించగలను. ఆ పూట అందులో లోటేమీ లేదు. మా వాడు ఎన్నడూ సగం తాగుబోతుగా ఉన్నవాడు కాదు. మానిన నెలల్లో వాడి చేతి వణుకు పోయేది, అప్పులవాళ్ళకు తానే ఎదురుపోయేవాడు, పిల్ల ఫీజు ముందే కట్టేవాడు. తాగిన నెలల్లో ఇవేవీ ఉండేవి కావు. ఊరు ఈ రెంటినీ కలిపి సగటు తీసి వాణ్ణి సగం మనిషిని చేసింది. సగటు ఆకారం ఒకటి లెక్కలో వస్తుంది, నిజమే. ఆ ఆకారంలో గొలుసు ఎప్పుడూ ఉండదు.

ఇంతవరకూ మార్పు, మార్పు అంటూ వచ్చాను. లెక్క ప్రకారం నా గొలుసులో అసలు దశ మార్పే లేదు. పూసలు ఎన్నయినా సరే, లెక్కకు అందేన్ని ఉన్నంతకాలం శక్తి గీత నున్నగా వంగుతుందే గాని ఎక్కడా మొన తేలి విరగదు. మొన తేలేది పూసల సంఖ్య అనంతమైనప్పుడే. ఇది భౌతికశాస్త్రజ్ఞులను కూడా తికమక పెట్టిన సంగతి. 1937లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ డర్ వాల్స్ శతజయంతి సభలో, అణువుల లెక్కలోంచి అంత పదునైన మార్పు పుట్టగలదా అని తగువు వస్తే క్రామర్స్ ఓటింగ్ పెట్టించాడట. సభ రెండుగా చీలిందట. అనంతం దాకా పోయి చూస్తే మొన కనిపిస్తుందని దారి చెప్పింది ఆయనే. 1944లో ఆన్‌సాగర్ ఒక అయస్కాంత నమూనాకు పూర్తి లెక్క కట్టి ఆ తగువు తీర్చాడు. శాస్త్రం ఓటింగ్‌తో తేలదంటారు గాని, ఆ రోజు ఏ చేయి ఎత్తాలో తెలియక కూర్చున్నవాళ్ళ మీద నాకు చాలా ప్రేమ.

అయితే ఉన్న గొలుసులన్నీ పరిమితమే. 1997లో గ్రాస్‌బెర్గర్ పది లక్షల పూసల వరకూ పెంచి చూశాడు. అదీ పరిమితమే. అనంతమైన గొలుసు థీటా ఎంతో ఎవరూ నేరుగా చూడలేదు, చిన్న గొలుసుల నుంచి వరస పట్టుకుని పోయి రాబట్టిన అంకె అది. పూసలు నాలుగింతలు చేస్తే ఆ అంకెకూ మన గొలుసుకూ ఉన్న తేడా దాదాపు సగమవుతుంది. అంచు పదునెక్కుతూ ఉంటుంది, పూర్తిగా పదును కాదు. 2007లో పొన్‌మురుగన్, నరసింహన్, మూర్తి, వాళ్ళ తోటివారు దీన్ని తలకిందులుగా అడిగారు: విచ్చుకున్న దశ, ముద్ద, నడిమి థీటా, ఈ మూడింటినీ చూపించగల అతి చిన్న గొలుసు ఏది? పాచికలు లేకుండా ఒక్కో దారినీ లెక్కపెట్టి చూస్తే, అంత చిన్న గొలుసుల్లో కూడా పెద్ద గొలుసుల పోకడ కనిపించింది. అది వాళ్ళే ఊహించని ఫలితం. అనంతంలో మాత్రమే నిజమయ్యే మాటకు ఇంత చిన్న ప్రాణిలో కూడా ఆనవాలు ఉందన్నమాట. మతం చెప్పే ముక్తి గురించి నేను నమ్మగలిగింది ఇంతవరకే. ముక్తి పొందిన గడియను నిమిషాలతో సహా చెప్పే స్వాముల దగ్గర నాకు అనుమానం పుడుతుంది. అది అసలు లేనే లేదనే హేతువాద మిత్రుల దగ్గర విసుగు పుడుతుంది.

ఇప్పుడు మాల సంగతి. ఊళ్ళో దీక్ష నలభై ఒక్క రోజులు. మాల పడిన మర్నాటి నుంచి నేను కూడా వాణ్ణి "ఏరా" అనను, స్వామీ అంటాను. వాడి భార్య కూడా అంతే. చెప్పులుండవు, నల్ల బట్టలు, తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, పీఠం దగ్గర భజన, మధ్యాహ్నం భిక్ష, రోజూ ఎవరో ఒకరింట్లో పడిపూజ. ఆ రోజుల్లో వాడు బెల్టు షాపు ముందు నుంచే పోతాడు, కన్నెత్తి చూడడు. ఇరుముడి కట్టుకుని శబరిమల పోయి వస్తాడు, మాల తీస్తాడు. అదే బెల్టు షాపు, అవే పిలుపులు. దీన్ని ఊరు వాడి మనోబలం లెక్కలో వేసి చూస్తుంది: నలభై ఒక్క రోజులు ఉన్న బలం నలభై రెండో రోజు ఏమైంది?

గొలుసు శాస్త్రంలో ఈ లెక్క ఇంకోరకంగా ఉంటుంది. సైక్లోహెక్సేన్‌లో చల్లబరిస్తే ముడుచుకునే పాలిస్టైరీన్, అదే ఉష్ణోగ్రత దగ్గర టోలీన్‌లో హాయిగా విచ్చుకుని ఉంటుంది. గొలుసు ఒకటే, పూసలు అవే. మారింది చుట్టూ ఉన్న ద్రావణి. పుస్తకాల్లో మంచి ద్రావణి, చెడ్డ ద్రావణి అనే రాస్తారు, అందులో నీతి ఏమీ లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఒంటరి గొలుసు ముడుచుకోవడాన్ని ప్రయోగశాలలో చూడటం చాలా కష్టం, ఎందుకంటే ముడుచుకోబోయే గొలుసులు ముందు ఒకదానికొకటి చుట్టుకుని అడుక్కు దిగుతాయి. 1980 ప్రాంతంలో టొయోయిచి తనాకా బృందం చాలా పలచని ద్రావణం తీసుకుని గాని దాన్ని చూడలేకపోయింది. కంప్యూటర్‌లో మాత్రం గొలుసును ఒంటరిగా ఉంచడం సులువు. మనిషి మార్పు గురించి మాట్లాడే మతాలన్నీ ఈ కంప్యూటర్ సౌలభ్యాన్ని వాడుకున్నాయనిపిస్తుంది నాకు. ఒక్క జీవుణ్ణి పక్కకు తీసి, వాడి లోపల ఏం జరిగిందని అడుగుతాయి. దీక్ష పెట్టిన పెద్దలకు మాత్రం ద్రావణి సంగతి తెలుసు. లేకపోతే ఇన్ని భజనలు, ఇన్ని భిక్షలు, ఇంతమంది స్వాములు ఎందుకు?

పోలిక విరిగిపోయే చోటు కూడా చెప్పాలి. నా గొలుసుకు జ్ఞాపకం లేదు. తర్వాతి అడుగు ఇప్పటి ఆకారాన్ని బట్టి పడుతుంది, నిన్న ముడుచుకుందా విచ్చుకుందా అన్నది పాచికలకు అక్కర్లేదు. మా వాడికి అట్లా కాదు. మానిన నెలలు వాడికి గుర్తే, సిగ్గూ గుర్తే, రెండూ వాడి మీద పనిచేస్తాయి. బౌద్ధుడైతే ఆ గుర్తులు కూడా ఇప్పటి ఆకారంలో భాగమే అంటాడు, గతం ఎక్కడో విడిగా లేదు, ఉన్నదంతా ఇప్పటి సంస్కారాల్లోనే ఉందంటాడు. ఆ సమాధానం తెలివైనదే. పూసల సంఖ్యలో దాన్ని ఎట్లా రాయాలో నాకు తోచలేదు.

ఇక రెండో ప్రశ్న, వెనక్కి పడటం. కథావత్థులో మొదట్లోనే ఉంది ఈ తగువు. అర్హతుడు, అంటే మలినాలన్నీ పోగొట్టుకున్నవాడు కూడా పడిపోగలడని సమ్మితీయులు, వజ్జిపుత్తీయులు, సర్వాస్తివాదులు, కొందరు మహాసాంఘికులు. పడడని థేరవాదులు. దూకే గొలుసు దగ్గర విచ్చుకున్న దశకూ ముడుచుకున్న దశకూ నడుమ ఒక గట్టు ఉంటుంది. పూసలు కొన్నే ఉంటే గట్టు పొట్టిది, గొలుసు ఊరికే అటూ ఇటూ దాటుతుంటుంది. పూసలు పెరిగేకొద్దీ గట్టు ఎత్తు పెరుగుతుంది, దాటడానికి పట్టే కాలం ఎత్తుతో పాటు కాకుండా దాన్ని మించి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇట్లాంటి గట్ల దగ్గర మామూలు పాచికలు ఒక ఒడ్డునే ఇరుక్కుపోతాయి కాబట్టే 2001లో వాంగ్, లాండౌ కొత్త పద్ధతి కనిపెట్టాల్సి వచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జయశ్రీ, శాస్త్రి, మూర్తి 2005లో ద్రవ స్ఫటికాల మీద వాడింది ఆ పద్ధతే. గట్టు ఎంత ఎత్తయినా తిరిగి దాటకూడదని ఏ నియమంలోనూ రాసి లేదు. దాటడానికి పట్టే కాలం మాత్రం చూసేవాడి ఆయుష్షును మించిపోతుంది. సమ్మితీయుడు నియమం చూసి మాట్లాడాడు, థేరవాది కాలం చూసి మాట్లాడాడు అనుకుంటే ఇద్దరూ నాకు అర్థమవుతారు.

పిల్లలమర్రిలో నాకొక మిత్రుడున్నాడు, సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. ఎరకేశ్వరాలయం అరుగు మీద కూర్చుని ఇదంతా చెబితే ఓపిగ్గా విని, "సార్, మీ పూసల లెక్క అలవాట్లకు సరిపోతదేమో గాని జ్ఞానానికి సరిపోదు. తాడని తెలిసినంక అది మల్ల పాము గాదు. దాటి రావడానికి గట్టే లేదు అక్కడ" అన్నాడు. ఇది బలమైన ఆక్షేపణ, నేను తేలిగ్గా తీసుకోలేదు. తెలుసుకోవడం అనేది ముడుచుకోవడం లాంటి పని కాకపోవచ్చు. దానికి ఉష్ణోగ్రత ఉండకపోవచ్చు.

కానీ ఆయన సంప్రదాయంలోనే, 14వ శతాబ్దంలో, విద్యారణ్యుడు జీవన్ముక్తి వివేకం రాశాడు. తత్త్వజ్ఞానం ఒక్కటే చాలదు, వాసనలు, అంటే పాత అలవాట్ల జాడలు, క్షయం కావాలి, మనసు అణగాలి, మూడింటినీ కలిపి సాధన చేయాలని ఆయన వాదం. జ్ఞానం కలిగాక కూడా వాసనలు మిగిలిన మనిషికి ఉదాహరణ చూపాల్సి వస్తే ఆయన ఎవరో చిన్నవాణ్ణి చూపలేదు, యాజ్ఞవల్క్యుణ్ణే చూపాడు. బ్రహ్మజ్ఞాని, జనకుడి సభలో అందరినీ గెలిచినవాడు. అయినా అక్కడ గోవుల మీద ఆశ ఉంది, గెలుపు మీద పట్టుదల ఉంది, శాకల్యుడు తల పోగొట్టుకునేదాకా పోయిన కోపం ఉంది. నా మిత్రుడు దీన్ని కాదనలేదు. "అందుకే గదా ఆయన సన్న్యాసం తీసుకున్నది" అన్నాడు. అవును, జ్ఞానం రాకముందు దాని కోసం తీసుకున్న సన్న్యాసం కాదది, వచ్చిన తర్వాత తీసుకున్నది. ఉన్న ఆస్తిని మైత్రేయికీ కాత్యాయనికీ పంచుతానని చెప్పి, ఆ సభలూ ఆ గోవులూ ఆ ఇల్లూ లేని చోటికి వెళ్ళిపోయాడు.